కాన్సాస్ సిటీ గ్రంథాలయం ప్రసంగాలు: పదేళ్లకు పైగా విన్న శ్రోత మాట

అమెరికాలో కాన్సాస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో మేము కాపురం పెట్టిన మొదటి చలికాలం, 2014లో, నాకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. నాది హెచ్-4 వీసా, అంటే అక్కడ ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చేది. మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయాక ఇంట్లో వినిపించేది హీటరు చప్పుడు ఒక్కటే. ఇంగ్లిష్ చదివితే అర్థమయ్యేది కానీ ఇక్కడివాళ్ల మాట వేగం అందేది కాదు. చెవికి అలవాటు చేసుకుందామని వెతుకుతుంటే కాన్సాస్ సిటీ పబ్లిక్ లైబ్రరీ వారి యూట్యూబ్ చానల్ కనబడింది. రచయితల ప్రసంగాలు, చరిత్ర ఉపన్యాసాలు, ఒక్కొక్కటి గంటకు అటూ ఇటూగా ఉన్నాయి. గిన్నెలు తోముతూ ఒకటి పెట్టాను. పదేళ్లు దాటిపోయింది, ఇప్పటికీ వింటున్నాను. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్లే దారిలో కారులో వింటున్నాను, అంతే తేడా.

వీటికి డబ్బు కట్టనక్కరలేదు, గ్రంథాలయం కార్డు కూడా అవసరం లేదు. చీరాలలో కూర్చునీ వినవచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లు నేరుగా వెళ్లి వినవచ్చు, అదీ ఉచితమే. ఒకసారైనా వెళ్లి చూడమంటాను. నగరం నడిబొడ్డున ఉన్న ప్రధాన గ్రంథాలయం ఒకప్పటి ఫస్ట్ నేషనల్ బ్యాంకు భవనం. 2004లో అందులోకి మారారు. బ్యాంకు ఖజానా గదిని చిన్న సినిమా హాలుగా మార్చారు. పక్కనున్న పార్కింగ్ భవనం గోడ మీద 22 పుస్తకాల వీపులు, దాదాపు 25 అడుగుల ఎత్తున, అలమరలో సర్దినట్టు వరుసగా నిలబడి ఉంటాయి. ఊరికి చుట్టాలు వస్తే నేను మొదట తీసుకెళ్లేది అక్కడికే.

ఇక అసలు విషయం. చరిత్ర ఉపన్యాసాలలో నన్ను కట్టిపడేసింది 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధ కాలపు సరిహద్దు చరిత్ర. మేముండేది కాన్సాస్ రాష్ట్రంలో, స్టేట్ లైన్ రోడ్డు దాటితే మిస్సోరి. ఈ గ్రంథాలయం ఉన్న కాన్సాస్ సిటీ మిస్సోరిలోనిది. కూరగాయలకని రోజూ దాటే రోడ్డే అది. దాని వెనక ఎంత రక్తం ఉందో ఈ ప్రసంగాలు వినేదాకా నాకు తెలియదు. 1863 ఆగస్టు 21న మిస్సోరి వైపు నుంచి, దక్షిణాది పక్షాన పోరాడే క్వాంట్రిల్ ముఠా కాన్సాస్‌లోని లారెన్స్ పట్టణం మీద పడి 150 మందికి పైగా మగవాళ్లను, ఎదిగీ ఎదగని అబ్బాయిలను చంపింది. నాలుగు రోజులకు యూనియన్, అంటే ఉత్తరాది ప్రభుత్వ పక్షపు సేనాని థామస్ యూయింగ్ కాన్సాస్ సిటీలోని తన కార్యాలయం నుంచి 11వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. ముఠాకు అన్నం పెట్టే పల్లెలే లేకుండా చేయాలన్నది ఆలోచన. మిస్సోరిలోని జాక్సన్, కాస్, బేట్స్ కౌంటీల్లోనూ, వెర్నన్ కౌంటీ ఉత్తర భాగంలోనూ ఉన్న పల్లె జనం పదిహేను రోజుల్లో ఇల్లు వాకిలి వదిలి పోవాలి. విధేయులమని రుజువు చేసుకున్నవాళ్లు సైనిక శిబిరాల దగ్గరికి చేరవచ్చు, మిగిలినవాళ్లు ఆ ప్రాంతమే విడిచిపోవాలి. తరవాత ఆ ఇళ్లను తగలబెట్టారు. కట్టెతో కట్టిన ఇళ్లు కాలిపోగా పొలాల మధ్య పొగగొట్టాలు మాత్రం నిలబడి మిగిలాయి. ఆ నేలకు 'కాలిన జిల్లా' అని పేరొచ్చింది. జార్జ్ కేలబ్ బింగమ్ అనే చిత్రకారుడు యూనియన్ పక్షంవాడై ఉండి కూడా ఈ ఉత్తర్వును సహించలేక దాని మీద పెద్ద చిత్రం గీశాడు.

పుస్తకంలో చదివితే ఇదంతా నాలుగు పేజీలు. ప్రసంగం ముగిశాక మైకు దగ్గరికి వచ్చి నిలబడిన ముసలాయన గొంతు వేరు. మా ముత్తవ్వ వాళ్లది ఫలానా ఊరు, బండికి కట్టడానికి ఎద్దు లేక ఆవును కట్టారట అని మొదలుపెట్టాడు. ఆయన తరవాత వచ్చినావిడ వంశం లారెన్స్‌లో ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకున్నది. నూటయాభై ఏళ్ల నాటి రెండు పక్కల మనుమలూ ఒకే హాల్లో, ఒకే మైకు ముందు. ఆ వీడియో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

రెండో పెద్ద పంట పెండర్‌గాస్ట్ కాలం. టామ్ పెండర్‌గాస్ట్ ఎన్నడూ మేయరు కాలేదు, కానీ రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఈ నగరాన్ని ఏలింది ఆయనే. ఓట్లు ఆయనవి, కాంట్రాక్టులు ఆయనవి, సిమెంటు కాంక్రీటు కంపెనీ కూడా ఆయనదే. మద్య నిషేధం రోజుల్లో ఇక్కడ రాత్రంతా తెరిచి ఉన్న క్లబ్బుల్లోనే కాన్సాస్ సిటీ జాజ్ పెరిగింది. చివరికి 1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపు పన్ను ఎగవేత కేసులో జైలుకు వెళ్లాడు. తరవాత అమెరికా అధ్యక్షుడైన హ్యారీ ట్రూమన్ ఆయన అండతోనే 1922లో కౌంటీ పదవికి, 1934లో సెనేట్‌కు గెలిచాడు. 1945 జనవరిలో పెండర్‌గాస్ట్ చనిపోతే, అప్పటికి ఉపాధ్యక్షుడైన ట్రూమన్ ఎవరేమనుకున్నా సరేనని అంత్యక్రియలకు వచ్చాడు. కంట్రీ క్లబ్ ప్లాజా అనే దుకాణాల పేట దగ్గర ఉన్న గ్రంథాలయం ప్లాజా శాఖలో ప్రసంగాలు జరిగే హాలు పేరు ట్రూమన్ ఫోరం. దానికి దగ్గరలో పారే బ్రష్ క్రీక్ వాగు అడుగున పోసిన కాంక్రీటు పెండర్‌గాస్ట్ కంపెనీదని ఈ ప్రసంగాల్లోనే విన్నాను. ఆ తరవాత వాగు పక్కన నడకకు వెళ్లినప్పుడల్లా అడుగు వైపు చూస్తాను.

ఆ ప్లాజా కథ కూడా ఇక్కడే తెలుసుకున్నాను. దాన్ని కట్టించిన జె.సి. నికల్స్ నల్లవారికి ఇల్లు అమ్మకూడదనే షరతును స్థల పత్రాల్లో రాయించి నగరాన్ని విస్తరించిన మనిషి. ట్రూస్ట్ అవెన్యూ అనే రోడ్డుకు తూర్పున నల్లవారి ఊరు, పడమర తెల్లవారి ఊరు అన్నట్టు ఎందుకుందో ఈ ఉపన్యాసాలు పటాలు వేసి చూపించాయి. 2020లో నగరం అక్కడి ఫౌంటెన్ నుంచి, రోడ్డు నుంచి నికల్స్ పేరు తీసేసింది. వార్తల్లో చూసినవాళ్లకు అది జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరవాతి ఆ వేసవి ఆవేశంలా కనబడి ఉండవచ్చు. ఏళ్లుగా వింటున్న నాకు దాని వేరు తెలుసు.

ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లోని సైనిక కళాశాలలో చరిత్ర చెప్పే ఆచార్యులు కూడా వచ్చి మాట్లాడతారు. మన జనరల్ బిపిన్ రావత్ చదువుకున్న కళాశాల అది. వాళ్లది బోధన వృత్తి కాబట్టి కాగితం చూసి చదవరు. పటం, తేదీ, నిర్ణయం, దాని ఫలితం, ఆ వరుసలో చెప్పుకుపోతారు. యుద్ధాల మీద నాకు మోజు లేదు, అయినా మొదటి ప్రపంచ యుద్ధం మీద వాళ్ల మాటలు విడవకుండా విన్నాను.

కొత్త పుస్తకంతో ఊరూరూ తిరిగే రచయితల ప్రసంగాలకు నేను అంత ఎక్కువ మార్కులు వేయను. ఇది ఏ ఒక్క గ్రంథాలయం సంగతో కాదు. పది నగరాల్లో ఒకే మాట చెప్పి చెప్పి ఆ మాట అరిగిపోయి ఉంటుంది, హాస్యం కూడా అదే చోట వస్తుంది. అలాంటివాటిలో నేను నేరుగా ప్రశ్నల దగ్గరికి జరుపుతాను. సిద్ధం చేసుకున్న మాటలు అయిపోయాకే రచయిత ఆలోచించడం వినబడుతుంది. నిజానికి ఏ ప్రసంగానికైనా నేను చూసేది ఆ చివరి పావుగంటే. వేరే నగరంలోని ఒక గ్రంథాలయం రికార్డింగులు కొన్నాళ్లు విన్నాను. వక్త బాగా మాట్లాడేవాడు కానీ చప్పట్లతోనే వీడియో ఆగిపోయేది. ప్రశ్నలు ఉన్న కొన్నింట్లో కూడా అడిగినవాళ్లకు మైకు ఇవ్వలేదు, జవాబు మాత్రమే వినబడేది. ఆరు నెలలకు మానేశాను.

కాన్సాస్ సిటీ గ్రంథాలయం ప్రశ్నకు ఎంత విలువ ఇస్తుందో 2016లో లోకానికి తెలిసింది. ఆ ఏడు మే నెలలో ట్రూమన్ ఫోరంలో ఒక దౌత్యవేత్త ప్రసంగం తరవాత సభికుడొకరు కటువైన ప్రశ్న అడిగితే, భద్రత కోసం వచ్చిన డ్యూటీలో లేని పోలీసులు ఆయనను పట్టుకున్నారు. కార్యక్రమాల నిర్వహణ చూసుకునే గ్రంథాలయ ఉద్యోగి అడ్డు వెళ్తే ఆయననూ అరెస్టు చేసి కేసు పెట్టారు. గ్రంథాలయం తన ఉద్యోగి పక్షాన నిలబడింది, 2017లో కోర్టు ఆయన నిర్దోషి అని తేల్చింది. అడిగే హక్కు కోసం గ్రంథాలయ ఉద్యోగి బేడీలు వేయించుకున్నాడన్న వార్త చదివి నేను మరునాడే ఆ హాలుకు వెళ్లి కాసేపు కూర్చున్నాను.

కొత్తగా వినేవాళ్లకు రెండు మాటలు. మొదటి పది ప్రసంగాలు కష్టంగానే ఉంటాయి. యంత్రం వేసే ఉపశీర్షికలు ఎక్కడైనా పేర్లను, ఊళ్లను చెడగొడతాయి, వాటిని నమ్మి నోట్సు రాసుకోకండి. రెండోది, పటాలు చూపించే ఉపన్యాసాన్ని కారులో వింటే సగమే అందుతుంది, ఇంట్లో తెర మీద చూడండి. స్థానిక చరిత్ర మీద ఆసక్తి పుడితే ప్రధాన గ్రంథాలయం ఐదో అంతస్తులోని మిస్సోరి వ్యాలీ విభాగంలో పాత ఫొటోలు, పటాలు ఉన్నాయి, అడిగితే తీసి చూపిస్తారు.

11వ నంబరు ఉత్తర్వు గురించి మొదటిసారి విన్న రాత్రి నాకు చీరాల గుర్తొచ్చింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో, మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని చీరాల, పేరాల జనం ఊరు ఖాళీ చేసి రామనగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఇక్కడ సేనాని వెళ్లగొడితే వెళ్లారు, అక్కడ తమంతట తాము వెళ్లారు. మా తాతమ్మ అప్పటికి కొత్త కోడలు, ఆమె కూడా వెళ్లిందని మాత్రమే నాకు తెలుసు. మా పక్కనే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది, దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. మా తాతయ్య అక్కడ సభలు విన్నానని చెప్పేవారు. మన సభల్లో వందన సమర్పణ కాగానే లేచి వెళ్లిపోతాం. వెనక వరుసలో కూర్చున్న రామనగర్ మనిషిని మైకు దగ్గరికి రమ్మని పిలిచినవాళ్లు ఉన్నారో లేదో.

మొన్న సంక్రాంతికి చీరాలలో ఉన్న మా మేనత్తకు ఫోను చేసి, రికార్డు చేస్తున్నానని చెప్పి కూర్చోబెట్టాను. ఆవిడకు 84 ఏళ్లు. నలభై నిమిషాలు తనకు తోచింది చెప్పింది, ఎక్కువ భాగం పెళ్లిళ్ల సంగతులే. అంతా అయిపోయాక అడిగాను: అత్తయ్యా, రామనగర్ వెళ్లేటప్పుడు మీ నాయనమ్మ ఏం తీసుకెళ్లింది? కొంచెంసేపు ఆగింది. రోలు తీసుకుపోలేక వాకిట్లోనే బోర్లించి పోయిందట, తిరిగొచ్చేసరికి దాని కింద కోడి పిల్లలు పెట్టుకుని ఉందట.