దుర్గాఘాట్ రాత్రి లైట్లకి సోనీ ఎఫ్‌ఎక్స్30 తట్టుకుందా?

దసరాకి విజయవాడ దుర్గాఘాట్‌లో హంస వాహనం (హంసలా అలంకరించిన పడవ) షూట్ చేసినవాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. పడవ నిండా లైట్లు, అటుపక్క ప్రకాశం బ్యారేజీ మీద ఇంకొన్ని, మధ్యలో నల్లటి నీళ్లు, ఒడ్డున జనం మొహాల మీద ఎక్కడో ఉన్న ట్యూబ్‌లైట్ వెలుగు కాస్త. మొహాలకి ఎక్స్‌పోజ్ చేస్తే పడవ తెల్లటి ముద్దైపోతుంది, పడవకి చేస్తే మొహాలు కనపడవు. ఈసారి ఎఫ్‌ఎక్స్30 అద్దెకి తీసుకుని, సిగ్మా 30 ఎంఎం ఎఫ్1.4 తగిలించుకుని వెళ్లా.

2022లో వచ్చిన ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా ఇది. మనకి కావాల్సిన సంగతేంటంటే ఎస్-లాగ్3లో (వెలుగులోనూ చీకట్లోనూ డీటెయిల్ దాచుకుని, రంగులు తర్వాత ఎడిట్‌లో సరిచేసుకునే ప్రొఫైల్) దీనికి రెండు బేస్ ఐఎస్‌ఓలు (సెన్సర్ బాగా పనిచేసే సెన్సిటివిటీ సెట్టింగులు), 800, 2500. చీకటి పడగానే చాలామంది 1600, 2000 అంటూ మెల్లగా పెంచుకుంటూ పోతారు, దాంతో నాయిస్ పెరుగుతుంది, పైగా లైట్ల వైపు దొరకాల్సిన రేంజ్ తగ్గిపోతుంది. నేరుగా 2500 పెట్టేయండి, 2000 కంటే క్లీన్‌గా వస్తుంది.

స్క్రీన్‌ని అస్సలు నమ్మొద్దు, చీకట్లో అంతా వెలిగిపోతున్నట్టే కనిపిస్తుంది. జీబ్రాని (మరీ వెలుగున్న చోట స్క్రీన్ మీద గీతలు చూపించే సెట్టింగ్) 94 దగ్గర పెట్టుకోండి, ఎస్-లాగ్3 క్లిప్ అయ్యేది, అంటే డీటెయిల్ పోయి తెల్లగా మారేది అక్కడే, 100 దగ్గర పెడితే గీతలే రావు, మీరేమో అంతా బాగుందనుకుంటారు. బల్బుల మీద గీతలు వస్తే రానిచ్చా, హంస మెడ తెలుపు మీద మాత్రం రాకుండా అపర్చర్ మూశా. బల్బులో డీటెయిల్ ఎవడు వెతుకుతాడు? ఇంటికొచ్చి గ్రేడ్ చేస్తే మెడ మీద మడతలు, నీళ్లలో పడిన ఎరుపు, పసుపు దేనికది విడిగా ఉన్నాయి, 10 బిట్ రికార్డింగ్ (రంగుల ఛాయలు ఎక్కువ) కదా, లైట్ల చుట్టూ గ్లో కూడా మెట్లు మెట్లుగా విరగలేదు.

ఒడ్డున కూర్చున్నవాళ్ల మీద ఎడిట్‌లో వెలుగు పెంచబోతే మాత్రం గ్రెయిన్ లేచింది. ఈ సైజు సెన్సర్ హద్దు అది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఉన్న ఎఫ్‌ఎక్స్3కి రెండో బేస్ 12800, దాని ఆట వేరు, రేటూ వేరు.

ఇంకోటి, లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. షాపాయన బిగించి ఇచ్చినదాంతో మొదటి షాట్లలో పడవ లైట్లే తలకిందులుగా, ఆకుపచ్చ చుక్కల్లా నీళ్ల మీద తేలాయి, తీయగానే మాయం. (తీయొద్దని ఆయన ముందే చెప్పాడులెండి.) మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టుకోండి, 1/60లో ట్యూబ్‌లైట్లు వణుకుతాయి.

వ్యూఫైండర్ లేదు, సెకనుకి 120 ఫ్రేముల 4కేలో ఫ్రేమ్ ఇంకా క్రాప్ అవుతుంది. రిసెప్షన్ స్టేజీలు, హారతులు, గుళ్లో దీపాలు తీసేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. చీకట్లో మనుషులే మీ సబ్జెక్ట్ అయితే ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టండి, లేదంటే చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ పట్టుకునే కుర్రాణ్ని వెంటబెట్టుకెళ్లండి, దసరా రద్దీలో వాడికి నిలబడే చోటు దొరికితే.