నరసాపురంలో డిగ్రీ స్టాటిస్టిక్స్ ట్యూషన్: గామా పాఠం కోసమైనా చేరొచ్చు

బీఎస్సీ స్టాటిస్టిక్స్‌లో గామా డిస్ట్రిబ్యూషన్ (ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని ఘటనలు జరగడానికి పట్టే మొత్తం టైమ్ లాంటివాటిని లెక్కేసే సూత్రం) దగ్గర ఆగిపోయినవాళ్లు ఈ మాస్టారి దగ్గరికి వెళ్లండి. సాయంత్రం పూట ఇంట్లోనే చెబుతారు. మా కాలేజీలో గామా అంటే బోర్డు మీద ఇంటిగ్రల్, దాని కింద మీన్, వేరియన్స్, అంతే. పరీక్ష రాసేశాం గానీ అది ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేదు.

ఈయన ఫార్ములా రాయకుండా సఖినేటిపల్లి రేవు గురించి మొదలుపెట్టారు. పంటులోకి (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) బళ్లు సగటున 2 నిమిషాలకొకటి వస్తున్నాయి, ఎప్పుడొస్తాయో లెక్కాపత్రం లేదు, 20 ఎక్కితేగానీ పంటు కదలదు అనుకోండి అన్నారు. ఒక్క బండి కోసం చూసే టైమ్ ఎక్స్‌పోనెన్షియల్, అలాంటివి 20 కలిపితే గామా. షేప్ (ఎన్ని బళ్లు) 20, స్కేల్ (ఒక్కో బండికి సగటు టైమ్) 2. మీన్ 40 నిమిషాలు, వేరియన్స్ 80, అంటే ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) 9 నిమిషాలకు కాస్త తక్కువ. మరి 50 నిమిషాలైనా పంటు కదలకపోయే అవకాశం ఎంత? అందరం ఇంటిగ్రల్ మొదలుపెట్టాం. ఆయన ఆపి, 50 నిమిషాల్లో సగటున 25 బళ్లు రావాలి కదా, పంటు కదల్లేదంటే 19కి మించి రాలేదనేగా, పాయిజాన్ టేబుల్ (ఇంత టైమ్‌లో ఎన్ని వస్తాయో దాని అవకాశం చెప్పేది) తీయండి అన్నారు. 13 శాతం చిల్లర వచ్చింది. పాయిజాన్, గామా రెండూ ఒకే లెక్కని రెండు వైపుల నుంచి చూడటమేనని నాకు అప్పుడు తెలిసింది, నిజంగా ఒళ్లు పులకరించింది.

ఇంకో మంచి పని, షేప్ పక్కన రాసేది స్కేలా రేటా (రేట్ అంటే 1ని స్కేల్‌తో భాగిస్తే వచ్చేది) అని ప్రతిసారీ అడుగుతారు. ఎక్సెల్‌లో GAMMA.DIST ఫంక్షన్‌కి స్కేల్ ఇవ్వాలి, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో పేరు చెప్పకుండా ఇస్తే రేట్ అనుకుంటుంది. పైన లెక్కకి ఆర్‌లో 0.5 బదులు 2 కొడితే మీన్ 40 కాస్తా 10 అయిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు.

వర్షాల పాఠం కూడా బాగుంటుంది. వాన సున్నా కంటే తగ్గదు, చాలాసార్లు కొద్దిగా పడుతుంది, వాయుగుండం వస్తే మాత్రం లంకలు మునిగేంత కురుస్తుంది, అందుకే గ్రాఫ్ కుడివైపు తోకలా సాగుతుంది. నార్మల్ కర్వ్ వేస్తే మైనస్ వాన కూడా వస్తుంది మరి! 1993లో మెక్‌కీ, డోస్కెన్, క్లైస్ట్ కరువుని కొలవడానికి ఎస్‌పీఐ (స్టాండర్డైజ్డ్ ప్రెసిపిటేషన్ ఇండెక్స్) అనే సూచీ తెచ్చారు, అందులో నెలల వర్షపాతానికి గామానే అమరుస్తారు. వాన అసలు పడని నెలల్ని వేరుగా లెక్కేయాలి, ఎందుకంటే గామాలో సున్నాకి చోటు లేదు. కై-స్క్వేర్ డిస్ట్రిబ్యూషన్ కూడా గామాలో ఒక రకమేనని, షేప్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌లో సగం, స్కేల్ 2 అని ఆ రోజే రెండు లైన్లలో తేల్చేశారు.

లోపాలు లేకపోలేదు. గది ఇరుకు, వెనక కూర్చుంటే బోర్డు కనపడదు. ఎంజీఎఫ్ (మూమెంట్ జెనరేటింగ్ ఫంక్షన్) డెరివేషన్ మరీ పరుగు, నేను ఇంటికొచ్చి మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. ఇంపార్టెంట్ క్వశ్చన్లు చాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, ఆయన అవి ఇవ్వరు. ఫీజు అందుబాటులోనే ఉంది.

చేరేవాళ్లు పాయిజాన్ చాప్టర్‌కి ముందే చేరండి, మధ్యలో వస్తే ఆ పంటు లెక్క సగమే అర్థమవుతుంది.