మల్లేశం: ఒక్క చీరకు 9,000 సార్లు

‘బలగం’ చూసి గుక్కపట్టి ఏడ్చినవాళ్లను ఒక మాట అడగాలి. అందులో హీరోగా చేసిన ప్రియదర్శి అంతకు నాలుగేళ్ల ముందే, చేనేత పనికి మిషన్ తయారుచేసిన ఓ మనిషి నిజకథతో తీసిన ‘మల్లేశం’ సినిమా చేశాడు, చూశారా? మా ఆఫీసులో పదకొండు మందిని అడిగితే చూసింది ఒక్కడు. వాడికీ నేనే పట్టుబట్టి చూపించాను.

2019 జూన్ 21న విడుదలైంది. అదే రోజు ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ కూడా వచ్చింది. నవ్వుకుందామనుకున్నవాళ్లు అటు పోయారు, వాళ్లనేం అనను, నేనూ ముందు అదే చూశాను. తర్వాత అమ్మను తీసుకుని మల్లేశానికి వెళ్తే హాల్లో మాతో కలిపి తొమ్మిది మంది.

మా అమ్మమ్మ ఆసు పోసేది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. పోచంపల్లి చీర మీద డిజైన్ రావాలంటే పేక దారాన్ని, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ముందు ఆసు అనే చట్రం మీద, అర్ధచంద్రాకారంలో వరసగా ఉండే మేకుల చుట్టూ తిప్పుకోవాలి. చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట దారాన్ని బిగించి కట్టడం), రంగులద్దడం, మగ్గమెక్కడం అన్నీ ఆ తర్వాతే. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇక ఆ భుజం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రాత్రిళ్లు అమ్మమ్మకు ఉప్పు మూటతో కాపడం పెట్టడం అమ్మ డ్యూటీ.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేకే ఆసు మిషన్ తయారుచేశాడు. ఆయన చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. మిషన్ పూర్తయ్యేసరికి 1999 అయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇంతటి కథ చేతిలో ఉంటే ఎవరైనా ఉపన్యాసాలు పెడతారు. దర్శకుడు రాజ్ రాచకొండ ఆ జోలికి పోలేదు. తల్లి వేషం వేసిన ఝాన్సీని అలా ఆసు ముందు కూర్చోబెట్టి వదిలేశాడు. యాంకర్‌గా ఎన్నేళ్లో చూసిన మనిషి, పది నిమిషాల్లో ఆ సంగతే మర్చిపోయాను. పెద్దింటి అశోక్ కుమార్ మాటల్లో తెలంగాణ యాస నవ్వించడానికి పెట్టినట్టుండదు, ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంటుంది. భార్యగా అనన్య నాగళ్ల కూడా బాగా చేసింది.

లోపం లేదా అంటే ఉంది. అప్పులు, ఊరివాళ్ల ఎగతాళి కాస్త తగ్గించి, మిషన్ ఎక్కడ మొరాయించింది, అది ఎలా కుదిరింది అన్నది ఇంకాస్త దగ్గరగా చూపించాల్సింది. నాలాంటి మెకానిక్ బుర్రలకు అక్కడే ఆకలి తీరలేదు. అయినా ఐదుకు నాలుగు ఇస్తాను.

సినిమా నడుస్తుండగా ఒకసారి పక్కకు చూశాను. చీకట్లో అమ్మ కుడిచెయ్యి ఒళ్లో మెల్లగా అటూ ఇటూ ఆడుతోంది. ఏడుస్తుందేమోనని కర్చీఫ్ తీశాను. బయటికొచ్చాక ఆమె అన్నది ఇదీ: "అంతా మంచిగనే ఉంది గానీ, ఆ ఝాన్సీ మరీ నిమ్మళంగ పోస్తుందిరా. గట్ల పోస్తే సేటుకు చీర ఎప్పుడియ్యాలె?"