సంక్రాంతి ప్రయాణం: ఏసీ బస్సా, స్లీపర్ రైలా?

"ఊళ్లో అమ్మానాన్నలకు జలుబో ఫ్లూయో అంటించకుండా ఇల్లు చేరాలంటే ఏది మేలు?" ఏటా డిసెంబరు నుంచే ఈ ప్రశ్న మొదలవుతుంది. అడగడంలో తప్పు లేదు. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు ఉధృతమవుతుంది: వానాకాలం తర్వాత ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. హైదరాబాద్ ఖాళీ అయ్యేది ఆ జనవరిలోనే.

టికెట్ ధర, సుఖం పక్కన పెడితే నా లెక్కలో తేల్చేది గాలి. లోపలి గాలి ఎంత త్వరగా మారుతోంది, అందులో మనం ఎన్ని గంటలు ఉంటున్నాం?

ఏసీ స్లీపర్ బస్సు ఇక్కడే ఓడిపోతుంది. ఎల్బీనగర్ దాటగానే పరదా లాక్కుని, తమకంటూ ఒక గది దొరికినట్టు నిశ్చింతగా పడుకుంటారు. పరదా పక్కవాడి చూపును ఆపుతుంది గానీ దగ్గును ఆపదు. 2020 జనవరిలో చైనాలోని జెజియాంగ్‌లో ఒక బస్సు ఏసీ లోపలి గాలినే తిప్పుతూ 68 మందిని తీసుకెళ్లింది. రానూపోనూ 100 నిమిషాలే. కోవిడ్ ఉన్న ఒక్కరి నుంచి 23 మందికి సోకింది, దూరపు వరుసల వారికి కూడా. తెరుచుకునే కిటికీల పక్కన కూర్చున్నవారిలో మాత్రం ఒక్కరికే వచ్చింది. మన విశాఖ బస్సు రాత్రంతా నడుస్తుంది.

అందుకే నా ఓటు స్లీపర్ రైలుకు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనూ పన్నెండు గంటలు దాటుతుంది, పండగ రద్దీ సరేసరి. చలికి అందరూ కిటికీలు దించేస్తారు, అదొక తలనొప్పి. అయినా రెండు వేళ్ల సందు వదలమని పక్కవారిని బతిమాలుకోవచ్చు; బస్సు అద్దాన్ని బతిమాలలేం.

విమానం? ఎగురుతున్నప్పుడు వడపోతా గాలి మార్పిడీ బాగానే ఉంటాయి. 1977లో అలాస్కాలో ఒక విమానం గాలి మార్పిడి లేకుండా గంటల తరబడి నేలమీద నిలిచిపోతే 54 మందిలో 72 శాతం ఫ్లూ పాలయ్యారు. అయితే విమానం అసలు ప్రతాపం రోగాన్ని దూరాలకు మోసుకెళ్లడంలో. 2020 మార్చిలో తెలంగాణలో బయటపడిన తొలి కోవిడ్ కేసు దుబాయ్ నుంచి బెంగళూరుకు విమానంలో, అక్కడి నుంచి హైదరాబాద్‌కు బస్సులో వచ్చింది.

సొంత కారులో ఇంట్లోవాళ్ల జలుబే ఇంట్లోవాళ్లకు. డ్రైవింగ్ ఓపిక ఉంటే వెళ్లండి.

రైలు టికెట్ దొరక్కపోతే పగటిపూట ఏసీ లేని బస్సు చూడండి. అదీ కుదరకపోతే ఎన్95 మాస్కు పెట్టుకోండి. తినడం, తాగడం బస్సు ఆగినప్పుడు బయటే కానివ్వండి.