తాతయ్య కట్టింది ఏ వైపు? సాగర్‌లో రెండు రోజులు

మా తాతయ్య ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు గోడని వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. పెళ్లిచూపులకి వెళ్లినా అంతే. చప్పుడు గట్టిగా వస్తే స్థిమితంగా కూర్చునేవాడు. బోలుగా వస్తే మాత్రం కాఫీ తాగినంతసేపూ ఆ గోడ వంకే అనుమానంగా చూసేవాడు. ఆయన తాపీమేస్త్రి. 1956లో, పాతికేళ్ల వయసులో, నాగార్జునసాగర్ పనికి వెళ్లి 1967లో కాలవలకి నీళ్లు వదిలాకే ఊరికి తిరిగొచ్చాడు. నాన్న, అత్తయ్య పుట్టింది అక్కడి పనివాళ్ల పాకల్లోనే. 93వ ఏట పోయినేడాది వెళ్లిపోయాడు. సంవత్సరీకం అయిన వారానికి నాన్న, అత్తయ్య, నేను, మా అబ్బాయి కారు వేసుకుని సాగర్ వెళ్లాం.

ముందు బస సంగతి. మొదటి రాత్రి ఆంధ్రా వైపు ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. పేరు చెప్పను. ఫోన్‌లో బుక్ చేసినప్పుడు 'డ్యామ్ వ్యూ' అన్నారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు కనపడింది. నీళ్లు కనపడతాయన్న మాట అబద్ధమేం కాదు మరి! వేడినీళ్ల కోసం మూడుసార్లు కిందికి దిగాను. నాన్న బ్యాగు కూడా దించకుండా గోడ తట్టాడు. "ప్లాస్టరింగ్ ఊడి ఉంది, మంచం ఇటు లాగు" అన్నాడు. అచ్చం తాతయ్య గొంతే. అత్తయ్య నవ్వబోయి ఊరుకుంది.

రెండో రాత్రి అవతలి ఒడ్డుకి, హిల్ కాలనీ వైపు, తెలంగాణ టూరిజం వాళ్ల విజయ్ విహార్‌కి మారాం. అక్కడ నిజంగానే ఎదురుగా జలాశయం. పొద్దున్నే బయట నిలబడి టీ తాగుతుంటే నీళ్ల మీద మంచు తెరలా కదిలింది. ఒక్క రాత్రే ఉండేవాళ్లయితే మరో ఆలోచన లేకుండా ఇటే దిగండి. శని, ఆదివారాలకి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

మర్నాడు పొద్దున విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి, జలాశయం మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండకి వెళ్లాం. మామూలు రోజు కావడంతో జనం నిండేదాకా ఒడ్డునే కూర్చోవాల్సొచ్చింది. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోకండి. లాంచీలో పైకెక్కి కూర్చుంటే గాలి బాగుంటుంది కానీ పెద్దవాళ్లకి కిందే సుఖం. మాకు దీవిలో ఇచ్చిన గంట ఎందుకూ చాల్లేదు. స్తూపాలు, స్నానఘట్టం చూసుకుంటూ నిదానంగా నడిస్తే మ్యూజియంకి పావుగంటే మిగులుతుంది. అందుకని ముందు మ్యూజియంకే వెళ్లండి.

మ్యూజియంలో అందరూ బుద్ధుడి నిలువెత్తు విగ్రహం దగ్గర ఆగుతారు. మేం ఆగింది మాత్రం మునిగిపోయిన లోయ నమూనా దగ్గర. నీళ్లు రాకముందు ఆ లోయ ఎలా ఉండేదో, ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల నాటి బౌద్ధ విహారాలూ స్తూపాలూ ఎక్కడెక్కడ బయటపడ్డాయో చూపించే నమూనా అది. ఆనకట్ట వస్తోందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా అక్కడ హడావిడిగా తవ్వకాలు జరిగాయి. దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి చేర్చి మళ్లీ పేర్చారు, కొన్నిటిని జలాశయం ఒడ్డునున్న అనుపుకి తరలించారు. తాతయ్య పనిలేని రోజుల్లో ఆ తవ్వకాలు చూడ్డానికి నడిచి వెళ్లేవాడట. "మనం ఈ పక్కన గోడ లేపుతున్నాం, వాళ్లు ఆ పక్కన మన గోడ కంటే పాత గోడలు పీకుతున్నారు" అని చెప్పేవాడు. అత్తయ్య ఆ నమూనా మీదికి వంగి కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.

"మన పాక ఎక్కడన్నయ్యా ఇందులో?"

"మన పాక ఇందులో ఎందుకుంటదే? ఇదంతా ఇక్ష్వాకులది."

"మునిగింది మాత్రం వాళ్లవొక్కటేనా?"

నాన్న దగ్గర దానికి జవాబు లేదు. లాంచీ హారన్ కొట్టింది.

అనుపులో మెట్లమెట్లుగా ఉన్న ప్రాచీన రంగస్థలం నాకు బాగా నచ్చింది. జనం లేరు, చప్పుడు లేదు. నీళ్ల సీసా మీరే పట్టుకెళ్లండి. బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కుకి మా అబ్బాయి కోసం వెళ్లాం. 2022లో తెరిచారు, విశాలంగా ఉంది, నడక ఎక్కువ. మిట్టమధ్యాహ్నం వద్దు. ఎత్తిపోతల జలపాతం దగ్గర పైనుంచే చూసి ఫొటోలు తీసుకుని వచ్చేశాం. వానాకాలం తగ్గుతున్నప్పుడు వెళ్తే ధార నిండుగా ఉంటుంది. భోజనం రోడ్డు పక్క చేపల వేపుడు బండి దగ్గర చేశాం. మా కళ్ల ముందే ముక్క కోసి కారం పట్టించి వేయించింది ఆవిడ. రెండు రోజుల్లో తిన్నవాటిలో అదే మేలు.

ఇక అసలు చూడ్డానికొచ్చింది ఆనకట్ట. కట్ట మీదికి మనల్ని పోనివ్వరు, కాపలా ఉంది. దిగువన ఉన్న కొత్త వంతెన మీది నుంచి చూడాల్సిందే. నిజానికి అక్కడి నుంచే దాని ఎత్తు తెలుస్తుంది. 124 మీటర్లు, 26 గేట్లు, రాతికట్టు. కాంక్రీటుకీ విదేశీ యంత్రాలకీ డబ్బు పోయకుండా, వేలమందికి పని దొరికేలా రాతితో కట్టారు. కర్రల పరంజా మీద ఆడవాళ్లూ మగవాళ్లూ వరసగా తట్టలు మోస్తున్న పాత ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ ఫొటో ఎక్కడ కనపడినా తాతయ్య పేపరు దగ్గరికి లాక్కుని ఒక్కొక్క ముఖం వెతికేవాడు. ఎవరూ దొరికేవాళ్లు కాదు.

గేట్లెత్తినప్పుడు జనం తిరునాళ్లలా వస్తారు కదా, ఆయన మాత్రం ఒక్కసారీ రాలేదు. "నీళ్లు ఆపడానికి కట్టాం. పోతుంటే చూడ్డానికా?" అనేవాడు. అందుకే మేం అక్టోబరు చివర్లో, గేట్లన్నీ దించి ఉన్నప్పుడు వెళ్లాం.

వంతెన మీద మా అబ్బాయి అడిగాడు, "ముత్తాత కట్టింది ఏ వైపు?" అని.

నాన్న నల్గొండ ఒడ్డు వైపు చెయ్యి చాపాడు. అదే క్షణంలో అత్తయ్య గుంటూరు ఒడ్డు వైపు చూపించింది. సాగర్ వదిలి ఊరికి వచ్చేటప్పటికి ఒకరికి ఎనిమిదేళ్లు, ఒకరికి ఆరు. నాన్నకి పొద్దున పని కూత వినపడింది కుడిచేతి వైపు నుంచట. అత్తయ్యకి అమ్మ సద్దిమూట పట్టుకుని ఏరు దాటినట్టు గుర్తట. 93 ఏళ్లు మా మధ్య తిరిగిన మనిషిని, గేట్ల లెక్కా రాళ్ల లెక్కా వందసార్లు చెప్పించుకున్న మేం, ఈ ఒక్కమాట అడగలేదు.

2023 నవంబరులో రెండు రాష్ట్రాలకీ గొడవొచ్చినప్పుడు ఆంధ్రా పోలీసులు పదమూడు గేట్లు తమ అధీనంలోకి తీసుకున్నారు. వంతెన మీద మా ఇంట్లోనూ అదే పంపకం అయింది. నాన్నకి పదమూడు, అత్తయ్యకి పదమూడు.

"నువ్వు చంటిపిల్లవే, నీకేం గుర్తు?"

"చంటిపిల్లనయితే ఏం, నాయన భుజం మీద కూర్చుని చూసింది నేనే!"

మా అబ్బాయి ఫోన్‌లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా మొత్తం ఒకే ఫొటోలో వచ్చేలా తీశాడు. మాచర్ల దాటినా వెనక సీట్లో ఆ తగువు తెగలేదు.