ఫలక్‌నుమాలో 101 కుర్చీల బల్ల

తిరుపతిలో పెండ్లి భోజనాల కాంట్రాక్టు నాది. 22 ఏండ్లుగా బంతుల మధ్యనే తిరుగుతున్నా. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా పాప పోయిన నెల నన్నూ వాళ్ళమ్మనూ ఫలక్‌నుమా ప్యాలెస్‌కు సాయంత్రం టీకి పిలుచుకుపోయింది. సినిమావాళ్ళు దిగే హోటలని తెలుసు. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెండ్లి జరిగింది ఇక్కడే.

టీ, సమోసా, కేకులు అన్నీ బాగున్నాయి. కానీ నా కాళ్ళు కదలనియ్యంది భోజనాల గది. ఒకటే బల్ల, 101 కుర్చీలు. ఆ చివర గుసగుసలాడినా నడిమధ్యలో కూర్చున్న నిజాంకు వినపడేదంట. మా బంతుల్లో సాంబారు కావాలంటే కేక పెట్టాల్సిందే! మేము 100 ఆకులు వేస్తే నాలుగు వరుసలు, ఏడుగురు మనుషులు. అయినా చివరి ఆకుకు నెయ్యి చేరేసరికి మొదటి ఆకాయన పప్పన్నం అయిపోతుంది. ఇంత పొడుగు బల్ల మీద అందరికీ ఒకేసారి వేడిగా ఎట్లా వడ్డించారో అని అక్కడే వేళ్ళు మడిచి లెక్కేసుకున్నా. కుర్చీకొక మనిషి వెనకాల నిలబడితే తప్ప కుదరదు. మా ఆవిడ చెయ్యి పట్టి లాగితే గానీ బయటికి రాలేదు.

1884లో ‘పైగా’ అనే వంశపు నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టిన కట్టడం ఇది. ముగిసేసరికి తొమ్మిదేండ్లు పట్టింది, ఆయన అప్పులపాలయినాడు. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. కూతురి పెండ్లి కోసం ఇల్లు తాకట్టు పెట్టినవాళ్ళను చానామందిని చూసినోణ్ణి, ఆ మాట వింటే కడుపులో కలుక్కుమంది. 1951లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు బస చేసి పోయినాక ఏండ్ల తరబడి తలుపులు మూతబడే ఉన్నాయి. నిజాం ఇంటి కోడలు ఎస్రా యువరాణి పట్టుబట్టి దగ్గరుండి చూసుకుంటే, తాజ్ వాళ్ళు పదేండ్లు బాగుచేసి 2010లో హోటలుగా తెరిచినారు.

మన పక్క నుంచి పొయ్యేవాళ్ళకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, తెల్లారేసరికి కాచిగూడ. గది తీసుకోవాల్సిన పని లేదు, టీ చాలు. ముందుగా బుక్ చేసుకోండి, లేకుంటే గేటు దాటనియ్యరు. పొద్దు గూకకముందే పోండి. కొండ మీది నుంచి ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతా ఉంటే చూడాలి.

వచ్చే ముహూర్తానికి తిరుచానూరు రోడ్డులో ఒక పెండ్లి ఒప్పుకున్నా. వరుసకు ఒక మనిషిని ఎక్కువ పెట్టమని మా మేస్త్రీకి రైల్లో నుంచే ఫోన్ చేసి చెప్పినా.