పాత టేకు తలుపులపై లేజర్ శుద్ధి: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో పాత తలుపులు, ద్వారబంధాలు బాగుచేసే మా కార్ఖానాలో మురికిని, పాత రంగును వదిలించడానికి 200 వాట్ల పల్స్ ఫైబర్ లేజర్ యంత్రాన్ని (కాంతిని ఎడతెగకుండా కాక, క్షణకాలపు మెరుపులుగా వదిలే రకం) రెండున్నరేళ్లుగా వాడుతున్నాను. చెక్కడపు పని ఎక్కువగా వచ్చే వడ్రంగులకు ఇది ఎంతో అక్కరకు వస్తుంది. సాదా పలకలకు మాత్రం ఉప్పు కాగితమే చాలు, ఖర్చూ తక్కువ, పనీ త్వరగా తెములుతుంది.

చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక టేకు ద్వారబంధం గురించి చెప్పాలి. దాని పైపట్టె మీద చెక్కిన తామరపూల రేకుల సందుల్లో దీపపు మసి, నూనె జిడ్డు, పండుగ పండుగకూ పూసిన ఎనామిల్ రంగు గట్టిగా పేరుకుపోయాయి. ఉలితో గోకితే రేకు అంచు చితికిపోతుంది, కాస్టిక్ సోడా పూస్తే టేకు నల్లబడి నార లేస్తుంది. లేజర్‌ను తక్కువ శక్తితో రేకు వెంబడి నాలుగైదు సార్లు నడిపాక మసి పొరలు పొరలుగా పోయి, ఆనాటి పనివాడి ఉలి దెబ్బలు, ఒక్కొక్కటి వడ్లగింజంత, వరుసగా బయటపడ్డాయి. ఇన్నేళ్లూ ఇలాంటి గుర్తులను గరుకు కాగితంతో అరగదీశామే అని నాకు నిజంగా బాధ కలిగింది. ఆ ఒక్క పట్టెకే రెండు రోజులు పట్టింది.

ఈ యంత్రం వెలువరించే 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని మసి, ముదురు రంగు బాగా పీల్చుకుని ఆవిరైపోతాయి, లేత రంగు చెక్క చాలావరకు తిప్పికొడుతుంది. అయితే చెక్క ఇనుములాగా వేడిని లోపలికి లాక్కోదు కనుక, కిరణం ఒకే చోట నిలిస్తే పైపొర మాడుతుంది. చేవదేరిన నల్లని కలపకు నేను శక్తిని సగానికి తగ్గిస్తాను. పారదర్శకమైన వార్నిష్‌కు అసలు వాడకూడదు: కాంతి దాని గుండా దూరిపోయి కింది చెక్కను కాలుస్తుంది. ఒక కుర్చీ చేతి మీద వార్నిష్ చెక్కుచెదరకుండా ఉండి, లోపల గోధుమరంగు మచ్చ పడడం నేను కళ్లారా చూశాను.

కొనేటప్పుడు విక్రేత మొదట చూపించింది తుప్పు వదిలించే నిరంతర కిరణపు యంత్రం. చెక్కకూ పనికొస్తుందని ఆయన నమ్మబలికినా, నేను తీసుకెళ్లిన టేకు ముక్క క్షణంలో బొగ్గయింది. చెక్కకు పల్స్ రకమే తీసుకోవాలి. మాది గాలితో చల్లబడే యంత్రం కావడంతో మే నెల మధ్యాహ్నాల్లో వేడెక్కి ఆగిపోతుంది, అందువల్ల ఎండాకాలం తెల్లవారుజామునే పని మొదలుపెడతాం. కటకం ముందుండే రక్షణ అద్దం మీద పొగ పేరుకుంటుంది కాబట్టి దాన్ని తరచూ మార్చవలసి వస్తుంది.

కంటికి కనిపించని ఈ కిరణం చూపును శాశ్వతంగా పోగొట్టగలదు. 1064 నానోమీటర్లకు తగిన కళ్లద్దాలు లేనివారిని గదిలోకి రానివ్వను, మామూలు చలువ కళ్లద్దాలు దీనికి పనికిరావు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) పరిమితం చేసే నియమం మన దేశంలో 2017లోగానీ అమల్లోకి రాలేదు కనుక, పాత రంగు పొగలో సీసం ఉంటుందనే భావించి, పొగను పీల్చే యంత్రం లేకుండా స్విచ్ వేయను.

ఏ ద్వారబంధం వచ్చినా ముందుగా గోడలోకి పోయే వైపున రెండంగుళాల మేర నడిపి, మర్నాడు వెలుతురులో చూసి, రంగు మారలేదని తేలాకే చెక్కడం జోలికి వెళుతున్నాను.